మచ్చ పడిన దోసాకు పైఆకులకు పంపే కబురు

గుణుపురం దగ్గర వంశధార ఒడ్డున అర ఎకరంలో దోస వేశామని, పాదుల అడుగు ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తున్నాయని రాశారు. మచ్చ ఆకులు తుంచి కాల్చేయమని మందుల దుకాణంలో చెప్పారు. మీ మామగారేమో తుంచవద్దంటున్నారు. "కింది ఆకు దెబ్బ తింటేనే పై ఆకులు గట్టిపడతాయి, దాన్ని తీసేస్తే మొక్కకు తెలిసేది ఎలా?" అన్నది ఆయన వాదన. ఒక ఆకుకు వచ్చిన జబ్బు ఇంకో ఆకుకు నిజంగా తెలుస్తుందా, తెలిస్తే ఎలా తెలుస్తుంది, ఆస్పిరిన్ బిళ్లలు నీళ్లలో కలిపి చల్లితే తెగులు రాదని ఫోన్లలో తిరుగుతున్న మాటలో నిజమెంత అని అడిగారు.

ముందు జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళతాను. మీ మామగారి మాటలో మొదటి సగం అక్షరాలా నిజం. అరవై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు ఆ విషయాన్నే తవ్వుతున్నారు. పొరపాటంతా రెండో సగంలో ఉంది. మచ్చ మీ కంటికి బాగా కనిపించే సరికే ఆ ఆకు చెప్పవలసింది చెప్పేసింది. కాబట్టి నిశ్చింతగా తుంచేయండి. ఆస్పిరిన్ మాత్రం చల్లకండి.

నేను మొక్కల తెగుళ్ల మీద ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నాను. మహేంద్రతనయ గట్టున కూరగాయలు పండించే రైతులు తెలుగులోనూ ఒడియాలోనూ నన్ను ఇదే సంగతి అడుగుతూ ఉంటారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. ఇక్కడ ఉంటూ ఈ విషయాన్ని జనానికి అర్థమయ్యే తెలుగులో చెప్పకపోతే తప్పు చేసినట్టే అనిపిస్తుంది. అందుకే కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మన ఒంట్లో ఏ మూల సూక్ష్మజీవి చేరినా రక్తంలో తిరిగే తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుతాయి. మొక్కలో అలా తిరిగే కాపలాదారులు ఎవరూ లేరు. ప్రతి కణమూ చుట్టూ గోడ కట్టుకుని తన చోట తాను ఉంటుంది, తన ఇంటిని తానే కాచుకోవాలి. అందుకే శత్రువును పసిగట్టే శక్తి ప్రతి కణానికీ ఉంది. బూజు, అంటే శిలీంధ్రం, గోడలో ఉండే కైటిన్ ముక్కలు, బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకలోని ప్రోటీన్ లాంటివి తగలగానే కణం పైపొర మీది గ్రాహకాలు గుర్తుపడతాయి. కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి ఘాటైన పదార్థాలు పుడతాయి. గోడలు మందమవుతాయి. ఫలానా శత్రువు ఆనవాలు పట్టే ప్రత్యేక జన్యువు మొక్కలో ఉంటే, ముట్టడికి గురైన కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. చచ్చిన కణాల మధ్య సూక్ష్మజీవి చిక్కుపడిపోతుంది. తట్టుకునే రకాల ఆకుల మీద సూదిమొనంత ఎండు చుక్కలుగా కనిపించేవి అవే.

మీ దోసాకు మీది మచ్చ అలాంటి చుక్క కాకపోవచ్చు. ఒక ఆకును ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకుని చూడండి. మచ్చ గుండ్రంగా ఉండి, మధ్యభాగం కాగితంలా పలచబడి, అక్కడక్కడ చిల్లి పడి ఉంటే అది ఆంత్రాక్నోస్ అనే ఆకుమచ్చ తెగులు. మచ్చ ఈనెల మధ్య పలకలు పలకలుగా, గీత గీసినట్టు ఆగి ఉండి, ఆకు అడుగున బూడిద, ఊదా కలిసిన రంగులో నూగు కనిపిస్తే అది బూజు తెగులు, దాని మందులు వేరు. మీ వర్ణనను బట్టి నేను మొదటిదే అనుకుంటున్నాను. ఆ తెగులు బీజం వాన చినుకుతో చిమ్మి ఆకు మీద పడుతుంది, తడి ఉంటే మొలకెత్తుతుంది, మొలక చివర నల్లని గుబ్బ కడుతుంది. ఆ గుబ్బలో పెరిగే ఒత్తిడితో ఆకు పైపొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. ఇదంతా మనకు ఏమీ కనపడకుండా జరిగిపోతుంది. మచ్చ తేలేది కొన్ని రోజుల తర్వాతనే.

ఇక అసలు కథ. 1961లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రాస్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్క కింది ఆకులకు మొజాయిక్ వైరస్ అంటించాడు. ఆయన ఎంచుకున్న పొగాకు రకంలో ఆ వైరస్ మొక్కంతా పాకదు, సోకిన చోట చుక్కలు పడి ఆగిపోతుంది. కొన్ని రోజుల తర్వాత, అప్పటివరకు ఏ జబ్బూ తగలని పై ఆకులకు అదే వైరస్ అంటిస్తే, చుక్కలు బాగా చిన్నవిగా, తక్కువగా వచ్చాయి. వైరస్ పైకి పోలేదు, అయినా పై ఆకులు మారిపోయాయి. సోకని భాగాలకు కూడా పాకే ఈ గట్టిదనానికి ఆయన పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే ఆర్జిత సర్వాంగ నిరోధకత. అంటే పుట్టుకతో వచ్చింది కాకుండా ఒక దెబ్బ తిన్నాక సంపాదించుకున్నది, ఒక్క చోట ఆగకుండా ఒళ్లంతా పాకినది.

చదువుకునే రోజుల్లో ఈ ప్రయోగం నా చేతులతో చేశాను. పొగాకు ఆకు మీద సన్నటి గరుకు పొడి చల్లి, వైరస్ ఉన్న ఆకురసంలో వేలు ముంచి, పసిబిడ్డ వీపు నిమిరినంత మెల్లగా రాయాలి. గట్టిగా రాస్తే ఆకు చిట్లుతుంది, మరీ తేలిగ్గా రాస్తే వైరస్ లోపలికి పోదు. మూడో రోజు ఉదయానికి చుక్కలు లేచాయి. వారం ఆగి పై ఆకులకు రాశాను. పక్క కుండీలో కింది ఆకులకు ఉత్త నీళ్లు రాసిన మొక్క ఒకటి పెట్టుకున్నాను, దాని పై ఆకులకు కూడా అదే రోజు అదే రసం రాశాను. నాలుగు రోజులాగి రెండు ఆకులూ కోసి బల్ల మీద పక్కపక్కన పరిచాను. నీళ్లు రాసిన మొక్క ఆకు మీద మచ్చలు మిరియపు గింజంత ఉన్నాయి. రెండో ఆకు మీద ఆవగింజంత. రెండూ ఒకే విత్తనం, ఒకే మట్టి, ఒకే రసం. ఆ రోజు పుస్తకంలో చదివిన వాక్యం నాకు కళ్లెదుట కనిపించింది. ఆ తర్వాత నేను వేరే శాఖ వైపు చూడలేదు.

మీ పంటకు నేరుగా సంబంధించిన పని 1970ల్లో కెంటకీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ కూచ్ బృందం చేసింది. వాళ్లు తీసుకున్నది దోసనే, తెగులు కూడా ఈ ఆంత్రాక్నోసే. మొలక దళాల తర్వాత వచ్చే మొదటి నిజమైన ఆకుకు తెగులు అంటిస్తే, ఆ పైన వచ్చే ఆకులు వారాల తరబడి తట్టుకున్నాయి. రెండు మూడు వారాలకు మరోసారి చిన్న మోతాదులో అంటిస్తే ఆ రక్షణ ఇంకా నిలిచింది. అంతేకాదు, ఆంత్రాక్నోస్‌తో నేర్చుకున్న మొక్క వేరే బూజులను, బ్యాక్టీరియాను, కొన్ని వైరస్‌లను కూడా కొంతవరకు తట్టుకుంది. మనుషులకు వేసే టీకా సాధారణంగా ఏ జబ్బు కోసం చేశారో దానికే పనిచేస్తుంది. ఇక్కడ అలా కాదు, ఎవరు వచ్చినా తలుపు గడియ పడి ఉంటుంది.

ఆ పనిలోనే మీకు పనికొచ్చే ఇంకో సంగతి తేలింది. మొక్క పూతకు, కాపుకు వచ్చాక ఈ గట్టిదనాన్ని కొత్తగా తెప్పించడం వీలు కాలేదు. మొక్క తన దగ్గరున్న బలమంతా పిందెల మీద పెట్టే సమయమది. మీ పాదులు ఇప్పుడు పూత మీద ఉన్నాయని రాశారు. అంటే మచ్చ ఆకును మొక్కకే వదిలేసి, అది పై ఆకులకు నేర్పుతుందని ఎదురుచూసే కాలం ఎలాగూ దాటిపోయింది.

కబురు ఏ దారిన పోతుంది? దీన్ని తేల్చిన ప్రయోగం చాలా సులువైనది. మొక్కలో రెండు రకాల గొట్టాలుంటాయి. వేళ్ల నుంచి నీరు ఎక్కే దారువు ఒకటి, దాని గొట్టాలు చచ్చిన కణాలతో తయారవుతాయి. ఆకులో తయారైన చక్కెరను మిగతా భాగాలకు మోసే పోషక కణజాలం రెండోది, అది బతికున్న కణాలది. తెగులు అంటించిన ఆకు కాడకు వేడి ఆవిరి తగిలించి బతికున్న కణాలను చంపేస్తే నీరు పోతూనే ఉంటుంది, ఆకు వాడదు, కానీ పై ఆకులకు రక్షణ రాదు. కబురు చక్కెర దారినే పోతోందని దాని అర్థం.

ఎంత త్వరగా పోతుంది? మీ ఇంట్లో జరుగుతున్న వాదానికి జవాబు ఇక్కడుంది. 1991లో దోస మొక్కల మీదనే ఒక ప్రయోగం వెలువడింది. ఒక ఆకుకు తెగులు తెచ్చే రకం సూడోమోనాస్ బ్యాక్టీరియాను ఎక్కించి, 4 గంటలు మాత్రమే ఉంచి, ఆ ఆకును కోసేశారు. అయినా మిగతా మొక్కలో రక్షణకు గుర్తయిన సాలిసిలిక్ ఆమ్లం పెరిగింది. నాలుగు గంటలంటే పొద్దున చేలోకి వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేంత సమయం! ఆంత్రాక్నోస్ తెచ్చే శిలీంధ్రం బ్యాక్టీరియా కంటే నిదానంగా పనిచేస్తుంది, దానికి గంటలకు బదులు రోజులు పడతాయి. అయినా మచ్చలు తేలాక ఆకు కోసేస్తే పై ఆకుల రక్షణ తగ్గదని కూచ్ బృందం చూపింది. మచ్చ పడి, మధ్యలో ఎండి, చిల్లి పడిన ఆకు దగ్గర ఇక చెప్పడానికి కొత్త కబురేమీ లేదు. బీజాలు మాత్రం ఉన్నాయి, ప్రతి వానకూ అవి చిమ్ముతూనే ఉంటాయి.

ఆ కబురు ఏ పదార్థం? ఈ ప్రశ్న చుట్టూ జరిగిన వెతుకులాట నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిపిస్తుంది. మీ ఆస్పిరిన్ ప్రశ్న కూడా దీనిలోనే ఉంది.

1979లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో రేమండ్ వైట్ పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కించి చూశాడు. వైరస్ చుక్కలు తగ్గాయి. ఆస్పిరిన్ ఒంట్లోకి వెళ్లాక సాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది, పూర్వం దాన్ని విల్లో చెట్టు బెరడు నుంచి తీసేవారు. 1990లో రెండు బృందాలు, ఒకటి పొగాకులో, ఒకటి దోసలో, తెగులు సోకిన మొక్క తనే సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారు చేసుకుంటుందని, అది పోషక కణజాలపు రసంలో కూడా కనిపిస్తుందని చూపాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. దూత దొరికాడు అనుకున్నారు.

అప్పుడు అంటు కట్టి చూశారు. మామిడి అంటు కట్టడం మన ప్రాంతంలో తెలియనివారు ఉండరు కాబట్టి ఇది మీకు సులువుగా అర్థమవుతుంది. మట్టిలో బతికే ఒక బ్యాక్టీరియాకు సాలిసిలిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టి తినే జన్యువు ఉంది. ఆ జన్యువును పొగాకులో పెట్టారు. ఆ మొక్కలో సాలిసిలిక్ ఆమ్లం పుట్టినా నిలవదు. 1993లో తేలిందేమిటంటే, అలాంటి మొక్కకు సర్వాంగ నిరోధకత రాదు. అంతవరకు అనుకున్నట్టే ఉంది. మరుసటి ఏడాది ఇదే మొక్కనూ మామూలు మొక్కనూ కలిపి అంటు కట్టారు.

మొదటి అంటులో కింద ఆమ్లం నిలవని మొక్క, పైన మామూలు కొమ్మ. కింది ఆకులకు వైరస్ అంటించారు. సాలిసిలిక్ ఆమ్లమే దూత అయితే, కింద అది నిలవదు కాబట్టి పైకి కబురు అందకూడదు. కానీ పై కొమ్మ గట్టిపడింది! రెండో అంటు దీనికి తలకిందులు. కింద మామూలు మొక్క, పైన ఆమ్లం నిలవని కొమ్మ. కింద ఆమ్లం కావలసినంత ఉంది, అయినా పై కొమ్మ గట్టిపడలేదు.

ఈ రెండు అంట్లను పక్కపక్కన పెట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించండి. కబురు తెచ్చేది సాలిసిలిక్ ఆమ్లం కాదు. కబురు అందిన ఊళ్లో దండోరా వేసేది అది. పొరుగూరి మనిషి వచ్చి వరద వస్తోందని చెప్పాడు, ఆ మాట వీధి వీధికీ చేరాలంటే ఈ ఊళ్లో డప్పు ఉండాలి. డప్పు లేని ఊరికి ఎన్ని కబుర్లు వచ్చినా జనం లేవరు. ఒక బ్లేడు, కాస్త దారం, రెండు రకాల మొక్కలతో చేసిన పని ఇంత పెద్ద చిక్కుముడి విప్పింది. మొక్కల శాస్త్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే. దీనికంటే ముందు 1979లో కూచ్ బృందం కూడా అంటు కట్టింది. తెగులు సోకిన దోస వేరుమొక్క మీద కట్టిన పుచ్చ, ఖర్బూజా కొమ్మలకు కూడా రక్షణ వచ్చింది. దోస పంపిన కబురు పుచ్చకు అర్థమైంది.

మరి అసలు దూత ఎవరు? అప్పటి నుంచి చాలా పేర్లు వచ్చాయి. 2002లో కొవ్వు పదార్థాలను మోసే ఒక చిన్న ప్రోటీన్ లేని మొక్కలు కబురు పంపలేవని తేలింది. 2007లో మిథైల్ సాలిసిలేట్ పేరు వచ్చింది. మోకాళ్ల నొప్పికి రాసుకునే బామ్ సీసా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన దానిదే. సాలిసిలిక్ ఆమ్లానికి చిన్న తోక తగిలిస్తే అది ఆవిరై తిరగగలదు, పై ఆకుకు చేరాక ఆ తోక ఊడి మళ్లీ సాలిసిలిక్ ఆమ్లమవుతుంది. వైరస్ సోకిన పొగాకు ఈ వాసనను గాలిలోకి కూడా వదులుతుందని, పక్క మొక్కలు దాన్ని అందుకుంటాయని 1997లోనే చూపారు. 2009లో అజెలాయిక్ ఆమ్లం, 2011లో గ్లిసరాల్‌కు సంబంధించిన ఒక ఫాస్ఫేట్ ఈ జాబితాలో చేరాయి. మిథైల్ సాలిసిలేట్ అన్ని మొక్కల్లోనూ తప్పనిసరా కాదా అన్న దాని మీద గట్టి వాదమే నడిచింది.

నా దృష్టిలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం 2018లో వచ్చింది. పప్పుల్లో ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం మీకు తెలిసే ఉంటుంది. తెగులు సోకిన ఆకు ఆ లైసిన్‌ను మలిచి పిపెకోలిక్ ఆమ్లం చేస్తుంది, దానికి ఇంకొక మెరుగు పెట్టి ఎన్-హైడ్రాక్సీ పిపెకోలిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ చివరి మెరుగు పెట్టే ఎంజైమ్ లేని మొక్కకు సర్వాంగ నిరోధకత అసలు రాదు. అదే మొక్కకు ఆ పదార్థాన్ని బయటి నుంచి ఇస్తే వస్తుంది. ఒక దూత ఒక్కడే పోతాడని నేను అనుకోను. పెద్ద ఇంటి పెళ్లికి పిలుపులు కాగితం మీద, మనిషి చేత, ఫోనులో మూడు రకాలుగా పోతాయి కదా, ఏదో ఒకటి తప్పిపోయినా బంధువు రాకుండా ఉండడు. మొక్క కూడా తన ప్రాణానికి సంబంధించిన కబురును ఒక్క దారిన వదిలేయదు.

కబురు అందిన పై ఆకులో ఏమవుతుంది? సాలిసిలిక్ ఆమ్లం పెరుగుతుంది. కణరసంలో గుంపులు గుంపులుగా ముడిపడి ఉన్న ఒక ప్రోటీన్ విడివడి కేంద్రకంలోకి వెళుతుంది. జిన్‌నియన్ డాంగ్ బృందం వెలికితీసిన ఈ ప్రోటీన్ పేరు ఎన్‌పీఆర్1. అది వందల జన్యువులను మేలుకొలుపుతుంది. బూజు గోడను కోసే గ్లూకనేజ్, కైటినేజ్ లాంటి ఎంజైములు తయారవుతాయి. అయితే ఇదంతా పూర్తి స్థాయిలో ఎప్పుడూ నడవదు, నడిస్తే మొక్క ఎదగదు. చుట్టాలు వస్తారని తెలిసిన ఇల్లాలు బియ్యం కడిగి, పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచుతుంది. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే బియ్యం వేస్తుంది. కబురు అందిన ఆకు కూడా ఎసరు పెట్టుకుని కూర్చుంటుంది. తెగులు నిజంగా వచ్చినప్పుడు మామూలు ఆకు కంటే ముందుగా, గట్టిగా స్పందిస్తుంది. ఇందులో రెండు పరిమితులున్నాయి. ఇప్పటికే మచ్చ పడిన ఆకు దీనివల్ల బాగుపడదు. కబురు అందిన ఆకుకు కూడా తెగులు బొత్తిగా రాదని కాదు, తక్కువగా వస్తుంది.

పురుగు కొరికితే పోయే కబురు వేరు. 1972లో గ్రీన్, రయన్ అనే ఇద్దరు, టమాటా ఆకును పురుగు కొరికితే కొరకని ఆకుల్లో కూడా పురుగుకు అరుగుదలను ఆపే ప్రోటీన్లు పెరుగుతాయని చూపారు. దాని వెనుక మొక్కే తయారుచేసుకునే జాస్మోనిక్ ఆమ్లం ఉంది. ఆ కబురు చాలా వేగం కూడా. 2018లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు, కాల్షియం పెరిగిన చోట వెలిగేలా మార్చిన మొక్కను గొంగళిపురుగు చేత కొరికించి చిత్రీకరించారు. కొరికిన చోట నుంచి వెలుగు సెకనుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పాకి, ఒకటి రెండు నిమిషాల్లో దూరపు ఆకులను తాకింది. అత్తిపత్తి ఆకును తాకి ముడుచుకోవడం చూసి ఆడుకోని పిల్లలు మన ఊళ్లలో ఉండరు. ఆ ముడుచుకోవడం వెనుక విద్యుత్ సంకేతం ఉందని నూరేళ్ల క్రితమే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ కొలిచి చూపారు. ఆయన మాటను అప్పట్లో చాలామంది పట్టించుకోలేదు, అది నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఆస్పిరిన్ సంగతి. ప్రయోగశాలలో పనిచేసిందని చెప్పాను కదా, మరి చేలో ఎందుకు వద్దంటున్నాను? మొదటిది, పనిచేసే మోతాదుకూ ఆకును మాడ్చే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. ఒకసారి నా పెరట్లో వంకాయ నారు మీద నేనే చల్లి చూశాను, రెండో రోజుకు ఆకు అంచులన్నీ కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. రెండోది, సాలిసిలిక్ దారి తెరుచుకుంటే జాస్మోనిక్ దారి సన్నబడుతుంది. తెగులును ఆపబోయి పురుగుకు తలుపు తీసినట్టవుతుంది. దోస మీద పెంకు పురుగు, తెల్లదోమ ఎప్పుడూ పొంచి ఉండే మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. మూడోది, మొక్క ఈ రక్షణకు మూల్యం చెల్లిస్తుంది. ఇదే దారిని తెరవడానికి తయారుచేసిన ఒక రసాయనాన్ని తెగులు లేని గోధుమకు ఇస్తే దిగుబడి తగ్గిందని 2000లో వెలువడిన అధ్యయనం చూపింది. తెగులు వస్తుందో రాదో తెలియని రోజుల్లో బిళ్లలు చల్లడం, శత్రువు లేని ఊళ్లో ధాన్యమంతా సైన్యానికి పెట్టడమే. నాలుగోది, మీ మొక్కలు పూత మీద ఉన్నాయి.

వచ్చే పంటకు చేయదగిన పని ఒకటుంది. వేళ్ల దగ్గర బతికే సూడోమోనాస్ ఫ్లోరిసెన్స్ లాంటి మంచి బ్యాక్టీరియా, మొక్కకు ఏ హానీ చేయకుండానే, వేరు నుంచి ఆకు దాకా ఇలాంటి కబురు పంపుతుందని 1991 నుంచి తెలుసు. అది నడిచే దారి ఎక్కువగా జాస్మోనిక్ ఆమ్లం, ఎథిలీన్ అనే వాయువులది. దాని పొడి కిలో విత్తనానికి 10 గ్రాముల చొప్పున పట్టించి విత్తుకోవచ్చు. అది ప్రాణమున్న సరుకు. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, ఎండలో పెట్టిన పొట్లం తీసుకోవద్దు, రసాయనిక విత్తనశుద్ధి మందులతో కలపవద్దు. నేను చూసినంతలో నారు దశలో తేడా స్పష్టంగా ఉంటుంది, కోత నాటికి తేడా ఉన్నా తక్కువగా ఉంటుంది. అంతకు మించి ఆశ పెట్టలేను.

వరికి కూడా ఇదంతా వర్తిస్తుందా అని చివర్లో అడిగారు. వరి ఆకులో సాలిసిలిక్ ఆమ్లం మామూలుగానే చాలా ఎక్కువ, తెగులు సోకినా అంతగా పెరగదు, కాబట్టి దోస లెక్క అక్కడ యథాతథంగా సరిపోదు. జపాన్‌లో అగ్గితెగులుకు ప్రొబెనజోల్ అనే మందును 1970ల నుంచి వాడుతున్నారు. అది బూజును నేరుగా చంపడం కంటే మొక్క రక్షణను లేపడం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మన వైపు ఎండాకు తెగులుకు నేను చెప్పేది మాత్రం విత్తనం మార్చమనే. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి సాంబ మసూరిలో మూడు నిరోధక జన్యువులు చేర్చి తయారుచేసిన మెరుగుపరచిన రకం 2008లో విడుదలైంది. శత్రువు ఆనవాలు పట్టే జన్యువు మొక్కలోనే ఉంటే ఆకు నుంచి ఆకుకు కబురు పోయేదాకా ఆగవలసిన పని తగ్గుతుంది.

ఇక రేపు చేలో చేయవలసింది. ఆకుల మీద మంచు తడి పూర్తిగా ఆరాక, అంటే తొమ్మిది దాటాక దిగండి. తడి ఆకును ముట్టుకుంటే మీ వేళ్లే బీజాలను ఇంకో పాదుకు మోస్తాయి. ఆరోగ్యంగా ఉన్న వరుసల నుంచి మొదలుపెట్టి, మచ్చలు ఎక్కువ ఉన్న వైపు చివర్లో రండి. ఆకును కాడతో సహా కత్తెరతో కోసి నేరుగా సంచిలో వేయండి, గట్టు మీద పారేయకండి, వంశధారలో కలపకండి. చేనుకు దూరంగా కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. ఒక పాదు నుంచి ఒకేసారి మూడో వంతు ఆకుల కంటే ఎక్కువ తీయవద్దు, పిందెలకు చక్కెర అందించేవి అవే. నీళ్లు పై నుంచి చిమ్మకుండా మొదళ్లకు పెట్టండి. పాదులను నేల మీద పాకనివ్వకుండా పందిరికి ఎక్కిస్తే మట్టి చిమ్మడం తగ్గుతుంది. వచ్చే రెండేళ్లు ఆ మడిలో దోస, పుచ్చ, సొర, బీర ఏవీ వేయకండి, ఈ తెగులు వాటన్నిటికీ చుట్టమే. మచ్చలు ఇంకా పైకి పాకుతూ ఉంటే మందు కొట్టక తప్పదు. ఏ మందన్నది ఆకు ఫోటో చూశాక చెబుతాను. ఆకు పైభాగం ఒకటి, అడుగుభాగం ఒకటి, రెండు ఫోటోలు పగటి వెలుగులో తీసి పంపండి.

మీ మామగారికి ఈ మాట కూడా చెప్పండి. ఆయన చూసినది సరిగానే చూశారు. కింద మచ్చ పడిన పాదుల్లో పై ఆకులు కొంచెం మేలుగా ఉండడం ఏ పరికరమూ లేకుండా కంటితో పట్టుకున్నారంటే, ఆయన ఎన్నేళ్లు ఆ పాదుల దగ్గర కూర్చున్నారో నాకు అర్థమవుతోంది. ఆయన అలా గమనించినది ఏ పంటలో, పూతకు ముందా తర్వాతా అన్నది అడిగి నాకు రాయండి.